గోనె పట్టీ

ఏడేళ్లుగా ఒక మాట దిగమింగుకుని తిరుగుతున్నాను. మూడో తరగతితో చదువు ఆపినదాన్ని. అక్షరం అక్షరం కూడబలుక్కుని రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాకు రెండు గుర్రాలు. పెళ్లిళ్ల రోజుల్లో ఊరేగింపులకు పోతాయి. చలికాలంలో కొండ చూడవచ్చిన వాళ్లను ఎక్కించుకుని కాలిబాట మీద తిప్పుతాయి. ఈ చుట్టుపక్కల జీనుకు పట్టీలు కుట్టాలంటే నా దగ్గరికే వస్తారు. గొప్పకు చెప్పడం లేదు. చెప్పుకున్నా తప్పు లేదు. పొట్ట కింద వెడల్పాటి నూలు పట్టీ. ఎత్తు ఎక్కేటప్పుడు జీను వెనక్కి పోకుండా రొమ్ము పట్టీ, దిగేటప్పుడు ముందుకు రాకుండా తోక పట్టీ. గుర్రాన్ని పది అడుగులు నడిపించి పొట్ట పట్టీ మళ్లీ బిగించాలి. నా పట్టీ వేసిన జీను జారిందన్నవాడు ఇంతవరకు లేడు.

ఒక్కసారి జారింది. ఎందుకు జారిందో నా ఒక్కదానికే తెలుసు.

ఆ ఏడు పొట్ట పట్టీ చిరిగితే, రాజాం నుంచి మందపాటి నూలు పట్టీ తెప్పించమన్నాడు మా ఇంటాయన. ఇంట్లో గోనెసంచులుండగా కొనడమెందుకు? గోనెను మడతలు పెట్టి, పైన పాత పంచె గుడ్డ తొడిగి కుట్టాను. అచ్చం కొత్త నూలు పట్టీలాగే ఉంది. ఎంత మురిసిపోయానో! గోనె చెమటకు నానితే సాగుతుందని నాకు తెలియదా? వానకు తడిసిన వడ్ల బస్తాలు పిగిలిపోవడం ఎన్నిసార్లు చూడలేదు? తెలుసు. ఒక్క చలికాలం ఆగుతుందిలే అనుకున్నాను.

జీను కట్టేది మా తోడికోడలు పైడమ్మ. ఆమె చెయ్యి పడితే ఎంత పొగరు గుర్రమైనా కదలదు. ఆ రోజు పది అడుగులు నడిపించి ఆమె మళ్లీ బిగించడం నా కళ్లతో చూశాను. సగం ఎత్తులో జీను పక్కకు తిరిగిపోయింది. ఫోనులో ఫొటో తీసుకుంటున్న పట్నం అమ్మాయి రాళ్ల మీద పడింది. మణికట్టు విరిగింది.

ఇంటిల్లిపాదీ పైడమ్మను తిట్టారు. ఆమె నా వైపు తిరిగింది.

“నువ్వు సూసావు కదప్పా. రెండుసార్లు బిగించాను కదా. సెప్పు.”

“బిగిస్తే జీనెందుకు తిరుగుతాదే? సెయ్యి గుర్రం మీద ఉన్నాది, సూపెక్కడున్నాదో!” అన్నాను.

ఆ రాత్రి వంటకు పొయ్యి వెలిగించినప్పుడు ఆ పట్టీని నేనే మంటలో పెట్టాను.

మర్నాటి నుంచి పైడమ్మ జీను ముట్టలేదు. జీడిపిక్కల పనికి పోతోంది. గుర్రాలను నిమిరిన వేళ్లు జీడి రసానికి నల్లబడిపోయాయి.

నేను మాత్రం ఆ తర్వాతే పట్టీలు కుట్టడం సరిగ్గా నేర్చుకున్నాను. భయంతోనా, సిగ్గుతోనా? ఏదైతేనేం, బాగా నేర్చుకున్నాను. ఆ గర్వం నాదే, వదులుకోను. కానీ పది అడుగుల మాట నాది కాదు. “గుర్రం పొట్ట ఉబ్బించుకుంటాదప్పా, నడిపిస్తే దిగిపోతాది” అని చెప్పింది పైడమ్మ. జనం నన్ను మెచ్చుకుంటే తలూపి ఊరుకున్నాను.

ఆమెకు చదువు రాదు. ఈ కాగితం నేనే చదివి వినిపించాలి. వింటుందో, మొహాన తలుపే వేస్తుందో. ఏమన్నా పడతాను.

ఆ రోజు పైడమ్మ సరిగ్గానే బిగించింది. సాగింది నా పట్టీ.

ఈ రెండు ముక్కలు రాయడానికి ఏడేళ్లు పట్టింది.