పట్టాలు లేని పందెం

నేను చెప్పేదాంట్లో సగం నమ్మితే చాలని మా ఆవిడ కొత్తగా వచ్చినవాళ్లకి ముందే చెప్పేస్తుంది. ఏ సగమో మాత్రం చెప్పదు. అందుకే ఇన్నేళ్లూ నా కథలకి గిరాకీ తగ్గలేదు.

రాయపూర్ రైల్వే కాలనీలో ఉంటూ గూడ్సు బండ్లు నడిపేవాణ్ణి. మావాళ్లంతా విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి ఈ లైను పట్టుకుని వచ్చి ఇక్కడ దిగిపోయినవాళ్లే. వినాయక చవితికి క్వార్టర్ల మధ్య పందిరి వేస్తే, తొమ్మిది సాయంత్రాలూ హారతి అయ్యాక జనం ప్రసాదం దోసిట్లో పట్టుకుని నా చుట్టూ చేరేవారు. ఆ తొమ్మిది సాయంత్రాల కోసమే మిగతా ఏడాదంతా బండి నడిపేవాణ్ణంటే అతిశయోక్తి కాదు. అతిశయోక్తే అయినా నాకేం అభ్యంతరం లేదు.

అందరూ మళ్లీ మళ్లీ అడిగేది గొడుగు కథ. ఒకసారి నా బండి ఎంత పొడుగ్గా వచ్చిందంటే, ఇంజను ఆరంగ్ దాటి మహానది దగ్గర వానలో తడుస్తోంది, వెనక గార్డు పెట్టె ఇంకా రాయపూర్ పొలిమేరలో ఎండకి మాడుతోంది. నా ఇంజను కప్పు కారుతోందని తెలిసి, గార్డు పాపం తన గొడుగు పంపించాడు. బండి మీద కోతుల గుంపు ఒకటి ఎక్కి ఉంది. అవి పెట్టె మీంచి పెట్టె మీదికి అందిస్తూ ఆ గొడుగుని నా దాకా తెచ్చేసరికి వాన వెలిసింది. వెలవడమేమిటి, ఎండాకాలమే వచ్చేసింది.

ఇలాంటి మర్యాదస్తుడి ఇంట్లోకి వీడియో గేము తెచ్చిపెట్టినవాడు మా బావమరిది. మా ఆవిడకి తమ్ముడు. బీర్‌గావ్‌లో ఉంటూ ఉర్లా కార్ఖానాల సరుకు లారీ మీద తోలేవాడు. ఓ శ్రావణమాసం ఆదివారం పండరీ బట్టల బజారు వెనక సందులో ఆ పెట్టెని అద్దెకి తీసుకుని, సంచీ నిండా క్యాసెట్లతో ఊడిపడ్డాడు. పిల్లల కోసమన్నాడు. పిల్లలు బయట గిల్లీదండా ఆడుకుంటున్నారు. మేమిద్దరం టీవీ ముందు చాప వేసుకున్నాం.

ఆ ఆటల మీద నా అభిప్రాయాలు నాకున్నాయి. వాటిని ఎవరూ అడగలేదు కాబట్టే చెబుతున్నాను.

మొదటిది పైనుంచి ఇటుకలు పడే ఆట. రకరకాల ఆకారాలు దిగుతుంటాయి, సందు లేకుండా సర్దాలి. దీన్ని నేను ఆట అనను, సామాను సర్దడం అంటాను. నేను మూడో ఇటుకకే కిందామీదా అయిపోయాను. మా ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఇటివ్వండి" అని తీసుకుంది. పాసు మీద విజయనగరం వెళ్లొచ్చేటప్పుడు ఆవకాయ జాడీ, బియ్యం మూట, పనసకాయ, మా అత్తగారిచ్చిన రుబ్బురోలు ఒకే బెర్తు కింద సర్దిన చెయ్యి అది. ఇటుకలు వాటంతటవే సిగ్గుపడి ఒద్దికగా కూర్చున్నాయి. ఆ ఆటలో నాకు అర్థమైన ఒకే ఒక సంగతి, పొడుగు కడ్డీ. దానికోసం చోటు వదిలి కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తామా, అది రాదు. అచ్చం నన్ను డ్యూటీ దింపాల్సిన మా రిలీఫ్ డ్రైవరే. అక్కర తీరాక మాత్రం ఒకదాని వెనక ఒకటి దిగుతాయి.

రెండోది కొట్లాట ఆట. ఇద్దరు కండలవాళ్లు ఎదురెదురుగా నిలబడి, గంట మోగగానే కొట్టుకుంటారు. నాకు నచ్చలేదు. ఎందుకు కొట్టుకుంటున్నారు? వాళ్ల మధ్య ఏమైంది? ఒక్క మాట లేదు! మా కాలనీ కుళాయి దగ్గర బిందె ముందుకి జరిపితేనే, ముందు నీ బిందెంత అంటారు, తర్వాత నువ్వెంత అంటారు, తర్వాత తాతలు వస్తారు. చెయ్యి లేచేసరికి నీళ్లే ఆగిపోతాయి. తిట్లు లేని కొట్లాట ఉప్పు లేని పప్పుచారు.

మూడోది గెంతుతూ పరిగెత్తే మనిషి ఆట. గోతులు దాటాలి, పురుగుల్ని తొక్కాలి. నేను ఒక గోతి ముందు ఆగి, ముందేముందో చూసుకుని వెళదామని నిలబడ్డాను. కాసేపటికి వాడు టపీమని చచ్చిపోయాడు.

"ఏమైందిరా? నేనేం ముట్టుకోలేదే!"

"టైమైపోనాది బావా. ఊరికే నిల్చుంటే సచ్చిపోతాడు" అన్నాడు బావమరిది.

ఊరికే నిలబడ్డందుకు చచ్చిపోయే మనిషిని నేనెక్కడా చూడలేదు. వేరే బండ్లకి దారిచ్చి లూపు లైన్లో పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబడినందుకే నాకు జీతమిస్తారు. ఆ లెక్కన గూడ్సు డ్రైవరనేవాడు ఈ దేశంలో ఒక్కడూ మిగలకూడదు.

తుపాకీతో పిట్టల్ని కొట్టే ఆట మాత్రం అద్భుతం. తీగ ఉన్న ప్లాస్టిక్ తుపాకీని టీవీ వైపు గురిపెట్టి పేల్చాలి. నేను పేల్చిన మొదటి దెబ్బకి తెర మీద పిట్ట పడలేదు గానీ, మా డాబా మీద యాంటెన్నా పట్టుకుని కూర్చున్న కాకి పడింది. ఇది నిజం. బావమరిది డాబా ఎక్కి చూసొచ్చి కాకి లేదన్నాడు. పడిన కాకి లేచిపోదా?

ఆఖరున పెట్టాడు కార్ల పందెం. అదే నా కొంప ముంచింది.

"రా బావా, ఇది మనాట. ఇద్దరం డ్రైవర్లమే కదా!" అన్నాడు.

నా కారు మొదటి వంపు దాకా బాణంలా పోయింది. వంపు కనబడగానే నేను పద్ధతిగా వేగం తగ్గించాను, విజిల్ మీట ఎక్కడుందా అని వెతికాను. కారు తిన్నగా పొలాల్లోకి పోయి పల్టీ కొట్టింది. మళ్లీ వేశాను. మళ్లీ వేగం తగ్గించాను. మళ్లీ పొలాలు.

"ఏటి బావా, తిప్పవేటి?"

"వంపులో బండి తిరగాలి కదరా!"

"తిప్పితేనే కదా తిరుగుద్ది!"

నా సర్వీసంతటిలో నేను దేన్నీ తిప్పలేదన్న సంగతి ఆ క్షణం దాకా నాకే తట్టలేదు. నడపడం, ఆపడం నా పని. తిరగడం పట్టాల పని. బావమరిది చాప మీద దొర్లి దొర్లి నవ్వాడు.

"అయితే ఇన్నాళ్లూ నువ్వు ఊరికే కూకున్నావన్నమాట! పట్టాలు ఎటు లాక్కెళ్తే అటు పోడానికి డ్రైవరెందుకు? ఓ ఉప్పు బస్తా కూకోబెడితే చాలదేటి?"

"ఒరే, నీ లారీకి బ్రేకేస్తే ఎదర చెట్టు దగ్గర ఆగుతుంది. నా బండి ఆపాలంటే అంతకు ముందు స్టేషన్లోనే ఆలోచన మొదలెట్టాలి. తెలుసా?"

"ఆలోచనలొద్దు. చవితి ముందురోజు అందరి ముందూ పందెం. కాస్తావేటి?"

కాశాను. నేను నెగ్గితే వాడు తొమ్మిది సాయంత్రాలూ పందిట్లో నా పక్కన కూర్చుని, నా ప్రతి కథకీ "నిజమే, నా కళ్లతో చూశాను" అని సాక్ష్యం చెప్పాలి. నా కథలకి లేనిదల్లా సాక్షి ఒక్కడే.

"మరి నాను నెగ్గితే?"

"నీ ఇష్టం. నువ్వే చెప్పు."

"తొమ్మిది దినాలూ పందిట్లో నువ్వు నోరిప్పకూడదు. కథ మాట దేవుడెరుగు, ఊ అని కూడా అనకూడదు."

వంటింట్లోంచి మా ఆవిడ గరిట చేతిలో ఉండగానే బయటికొచ్చింది. "తమ్ముడూ, మీ బావకి అన్నం మానీమను, మానీస్తారు. ఇది మాత్రం వొద్దురా. పానం పోద్ది."

కానీ మాట ఇచ్చేశాను.

ఆ పెట్టె చవితి దాకా మా ఇంట్లోనే ఉంది. డ్యూటీ దిగి వచ్చి సాధన చేసేవాణ్ణి. రోజూ పొలాలే. చివరికి ఓ మధ్యాహ్నం మా ఆవిడ చిక్కుళ్లకి ఈనెలు తీస్తూ, "ఇంజన్లో మీరొక్కరే ఉంటారా?" అంది.

"లేదు, అసిస్టెంటు ఉంటాడు."

"ఏం చేస్తాడు?"

"సిగ్నల్ చూసి గట్టిగా చెబుతాడు. పచ్చ అంటాడు. నేనూ చూసి పచ్చ అంటాను. అప్పుడే ముందుకి."

"అయితే నాను చెబుతాను" అని చిక్కుళ్లు పక్కన పెట్టి నా ఎడమవైపు కూర్చుంది.

"ఎడమ వంపు!" అంది. "ఎడమ వంపు!" అన్నాను. నా వేలు దానంతటదే మీట నొక్కింది. కారు తిరిగింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, ఈలోగా కుడి వంపు వచ్చి పొలాల్లో పడ్డాం. కానీ దారి దొరికింది. కళ్లకి రానిది చెవులకి వచ్చింది. నాకు తిప్పడం రాదు గానీ, చెప్పింది తిరిగి చెప్పి చెయ్యడం రక్తంలో ఉంది. సాధనలో ఆఖరి గీత దాకా ఎప్పుడూ చేరలేదు. అంతకు ముందే గడువు అయిపోయేది. అయినా రోజురోజుకీ దూరం పెరుగుతోంది.

పందెం రోజున టీవీని వరండాలో పెట్టాం. కాలనీలో సగంమంది వచ్చారు, అందరూ రైల్వేవాళ్లే. తెర రెండుగా చీలింది. పైన బావమరిది కారు, కింద నాది.

"అక్కెందుకు పక్కన?" అని వాడు పేచీ పెట్టాడు.

"అసిస్టెంటు లేకుండా ఇంజను కదలదు. రూలు!" అన్నారు వెనక నుంచి నలుగురు.

బయల్దేరాం. "కుడి వంపు!" "కుడి వంపు!" "ఎడమ, పెద్దది!" "ఎడమ, పెద్దది!" కాలనీ మొత్తం ఆ పాట అందుకుంది. లారీ అలవాటు కొద్దీ బావమరిది ప్రతి కారునీ రాసుకుంటూ దాటబోయి రెండుసార్లు గుద్దేశాడు. నేను ఎవర్నీ దాటలేదు, ఎవర్నీ తగల్లేదు. వంపులన్నీ అయిపోయాయి. ఎదురుగా తిన్నని రోడ్డు. నేను ముందున్నాను! సాక్షి నా పక్కన కూర్చుని వల్లిస్తున్నట్టే కనబడింది.

అప్పుడు రోడ్డు పక్క గుడిసెలోంచి ఒక చిన్న మనిషి బయటికొచ్చి ఎర్రజెండా ఊపాడు.

"ఎరుపు!" అంది మా ఆవిడ.

"ఎరుపు!" అన్నాను. బ్రేకు వేశాను. వెనక వరండాలో ఉన్న డ్రైవర్లూ గార్డులూ కుర్చీల్లోంచి లేచి, "ఎరుపు, ఎరుపు! ఆపు!" అని అరిచారు. నా కారు గీతకి బెత్తెడు ముందు, ఎంత అందంగా ఆగిందంటే, చూసి కంటతడి పెట్టుకున్నవాళ్లున్నారు.

బావమరిది కారు పక్కనుంచి దూసుకుపోయి గీత దాటింది. టీవీ మేళం వాయించింది.

"బావా, అది నెగ్గినోడికి ఊపే జెండా!" అన్నాడు వాడు నవ్వలేక, ఊపిరాడక.

"ఎందుకూపితేనేం? ఎరుపు ఎరుపే. చూసి ఆగనివాడు డ్రైవరా?"

వరండా అంతా నా పక్షమే. అయినా పందెం పందెమే. ఆ ఆట మీద నా అభిప్రాయం ఇప్పటికీ ఒకటే: దాన్ని తయారుచేసినవాడెవడో పట్టాలు చూసి ఎరగడు.

మర్నాడు హారతి అయ్యింది. జనం ప్రసాదంతో చేరారు. నేను పెదవులు బిగించి కూర్చున్నాను. పందిరి పక్కన చాయ్ బండి పెట్టుకునే ఛత్తీస్‌గఢీ ముసలాయన కూడా వచ్చి, "కా హోగే భైయా, ముహ మ దహీ జమ్ గే కా?" అన్నాడు, నోట్లో పెరుగు తోడుకుందా అని. జవాబు నాలిక చివర దాకా వచ్చి వెనక్కి పోయింది. ఎదురుగా బావమరిది మూడు ఉండ్రాళ్లు ఒకేసారి నోట్లో పెట్టుకుని నన్నే కాపలా కాస్తున్నాడు. జనం కాసేపు చూసి ఒక్కొక్కరే లేచారు. నా తొమ్మిది సాయంత్రాలూ చెప్పుల చప్పుడులా వెళ్లిపోతున్నాయి.

"కూకోండి" అంది మా ఆవిడ లేచినవాళ్లతో.

కొంగు బిగించి నా చోట నిలబడింది. చేతిలో మా ఇంటి పాత నల్ల గొడుగు.

"ఈయన అబద్ధాలాడతారనుకుంటారు మీరు. పాపం, ఈయనకి సరిగ్గా చెప్పడం రాదు. కోతులు గొడుగు తెచ్చీసరికి ఎండాకాలం వచ్చీసింది కదా? మరి ఆ గొడుగేటైంది? ఎప్పుడైనా చెప్పినారా? ఇదుగో!" గొడుగు పైకెత్తింది. "పిడి సూడండి. కోతుల పళ్లగాట్లు."

ఆ పిడిని మా వంటింటి ఎలక కొరికింది. అయినా పందిరంతా ముందుకి వంగి చూసింది. ఇన్నేళ్లలో సాక్ష్యం కోసం మనిషిని వెతికాను గానీ వస్తువు చూపించవచ్చని నాకు తోచనేలేదు.

"అక్కా, ఆ గొడుగు నాను పండరీలో కొన్నదే కదా!" అన్నాడు బావమరిది.

"నువ్వు కొన్నది వేరే. దాన్ని కోతులు ముట్టలేదు."

"చుప్ బే! కథ విననీ" అని వాణ్ణి అందరూ కసిరారు.

ఆమె మధ్యలో ఒకచోట ఆగి నావైపు చూసింది. తర్వాత మలుపు ఎటో మరిచిపోయింది. నేను మాట్లాడకూడదు. పూజ పళ్లెంలోంచి మారేడాకు తీసి పైకెత్తాను. పచ్చ!

"బావా, అది మాటాడ్డమే!"

"జెండా మాట కాదు. రూలు!" అన్నారు గార్డులు.

ఆమె పరుగందుకుంది. కోతులకి గార్డు జీతాలిప్పించింది. వాటిలో ఒకదాన్ని ఆరంగ్ స్టేషన్లో డ్యూటీకి పెట్టింది. ఇది మరీ ఎక్కువైందని నాకే భయమేసి, పళ్లెంలోంచి ఎర్రమందారం తీసి ఊపాను. చూసింది. నిక్షేపంలా చూసింది. ఆగలేదు. ఎరుపుని దాటుకుని దూసుకుపోయింది. పందిరి చప్పట్లతో ఊగిపోయింది. గీత దాటడమంటే ఏమిటో ఆ సాయంత్రం అర్థమైంది.

మిగతా రోజులన్నీ అలాగే నడిచాయి. ఆమె ఇంజను, నేను జెండా. నిమజ్జనం అయ్యాక నా గడువు తీరింది. ఖాళీ పందిట్లో చేరినవాళ్ల ముందు గొంతు సవరించుకుని, "అసలు ఆ కోతుల సంగతేమిటంటే" అన్నానో లేదో, వెనక వరసలోంచి మా బావమరిదే లేచి ఎర్రమందారం ఊపాడు.

ఆగాను. ఆగనివాడు డ్రైవరా?