భాషల మేడమ్ పీరియడ్

భాషల మేడమ్‌కి వారానికి ఒక్కటే పీరియడ్. రంగు వెలిసిన గ్లోబు చంకన పెట్టుకొచ్చి, ఏ దేశంలో ఎలా పలకరిస్తారో గొంతు చించుకుని చెబుతుంది. గోడకి చెప్పుకున్నట్టే ఉంటుంది. "ఇది పరీక్షకొస్తుందా మేడమ్?" అంటారు పిల్లలు. రాదంటే, "పోనీ తిట్లు నేర్పండి" అంటారు. ఆమె పళ్లు నూరుకుని, మళ్లీ మొదటి పలకరింపు దగ్గరికే వస్తుంది.

ఆ రోజు లెక్కల మాస్టారు తలుపు తోసుకొచ్చి, "మీదేముంది లెండి, నా సిలబస్ వెనకబడింది. ఈ పీరియడ్ నాకిచ్చెయ్యండి" అన్నాడు. ఆమె ఎప్పటిలాగే తలూపి, గ్లోబు ఎత్తుకుంటూ, ఏదో దూరదేశపు మాటొకటి కాస్త పైకే గొణిగింది. అది తిట్టేనని పిల్లలకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె గుమ్మం దాటేలోగా క్లాసంతా లేచి నిలబడి, ఆ మాటతోనే మాస్టారిని పలకరించింది.

ఇన్నేళ్లలో మొదటిసారి, ఒక్కరికీ ఉచ్చారణ తప్పలేదు.