ఫ్లోరెన్స్‌లో పెద్దమ్మ చూసిన పిల్ల

మా పక్కింటి పెద్దమ్మ పోయి రెండు వారాలైంది. గుంటూరు బస్టాండులో చీరాల బస్సు కోసం నిలబడి ఉండగా వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసి, "అమ్మాయ్, అక్క వెళ్ళిపోయిందే. పొద్దున కాఫీకి లేపితే లేవలేదు" అంది. నాకు ఏడుపు కంటే ముందు భయమేసింది. ఆవిడకి నేనొక అబద్ధం చెప్పాను. ఎప్పటికైనా ఒప్పుకుందాంలే అని ఏడేళ్ళు నాన్చాను. ఇక ఎవరి దగ్గర ఒప్పుకోను?

మా గోడకి అవతలే ఆవిడ మగ్గం. ఆ చప్పుడు వింటూనే నేను చదువుకున్నాను. మొదటి ఉద్యోగానికి నేను కట్టుకెళ్ళిన చీర ఆవిడ నేసి ఇచ్చిందే. మా ఇంట్లో కూర మాడిన వాసనొస్తే చాలు, తిట్లతో పాటు గోడ మీంచి కూరగిన్నె కూడా వచ్చేది. ఎవరు కొత్త చీర కట్టుకొచ్చినా కొంగు పట్టుకుని రెండు వేళ్ళ మధ్య నలిపి చూడందే వదిలేది కాదు. "గుడ్డని కళ్ళతో చూస్తే మోసపోతామే, వేళ్ళతో చూడాలి" అనేది.

ఆవిడకి ఒక్కత్తే కూతురు. నేను పుట్టకముందే, ఎనిమిదేళ్ళ పిల్ల, జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయింది. స్కూల్లో తీసిన ఫొటో ఒకటి ఉండేదట. తుఫానుకి మగ్గం గుంటతో పాటు ఇల్లంతా నీళ్ళు నిండినప్పుడు అదీ నానిపోయింది. "మొహం మరుపుకొస్తోందే అమ్మాయ్" అని నాతో ఒక్కసారే అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఏడేళ్ళ క్రితం వేసవిలో, చేనేత ప్రదర్శన కోసం ఆవిడని ఇటలీ పిలిచారు, ఫ్లోరెన్స్‌కి. కాలేజీలో ఇంగ్లీషు చెప్తాను కదా అని నన్ను తోడు పంపారు. నాలుగు రోజులు నేసి చూపించాక, చివరి రోజు ఊరు చూడమన్నారు. రాళ్ళు పరిచిన వీధులు పెనంలా కాలుతున్నాయి. నేను నీడ వెతుక్కుంటుంటే ఆవిడ హవాయి చెప్పులు టపటపలాడించుకుంటూ ముందు నడిచింది. "ఏమే, చీరాలలో పుట్టి ఈ మాత్రం ఎండకే డీలా పడితే ఎట్టాగే?"

అన్నీ చర్చిలు, బొమ్మల హాళ్ళు. అందరూ మొహాలు చూస్తుంటే ఈవిడ బట్టలు చూసింది. "ఆ పైట మడత చూడవే! రంగుతో నేశాడు, దొంగసచ్చినోడు!" అని మురిసిపోయింది. ఎన్ని హాళ్ళు తిరిగామో లెక్కలేదు. సాయంత్రం ఒకచోట, తల్లీబిడ్డల బొమ్మ ముందు ఆగిపోయింది. బొమ్మలో ఆ తల్లి పక్కన రెక్కలున్న పిల్లలు నిలబడి ఉన్నారు. ఆవిడ చెయ్యి చాచింది. కాపలావాడు గట్టిగా అరిచాడు. హాలంతా మా వైపు తిరిగింది.

నేను చెయ్యి పట్టి లాగేశాను. "అది చీర కాదు పెద్దమ్మా, నలిపి చూడ్డానికి!"

"గుడ్డ కోసం కాదే" అంది. ఆ చెయ్యి వెళ్ళింది చివర నిలబడ్డ పిల్ల చెంప మీదకి. "ఇది మా పిల్లే. అదే చూపు. ఒక్క ఫొటో తియ్యవే తల్లీ."

నాకు తల కొట్టేసినట్టయింది. కాపలావాడు మా వైపే వస్తున్నాడు. "ఇక్కడ ఫొటోలు తియ్యకూడదు" అనేశాను. పక్కనే ఇద్దరు కుర్రాళ్ళు సెల్ఫీ దిగుతున్నారు. ఆవిడ వాళ్ళని చూసింది, నన్ను చూసింది. గుమ్మం దాకా వెనక్కి చూస్తూనే నడిచింది.

ఇంటికొచ్చాక మొదలైంది నా శిక్ష. ఎప్పుడు వెళ్ళినా, "ఫోన్లో ఆ పిల్ల దొరుకుతుందేమో చూడవే" అనేది. నాకా హాలు పేరు తెలీదు, గీసినవాడి పేరు తెలీదు. దొరికిన బొమ్మనల్లా చూపించాను. "కాదు." "ముక్కు ఇట్టా ఉండదే." "ఊహూ, కాదు." ఆ రెక్కల పిల్లలు నా కలల్లోకి వచ్చేవాళ్ళు. ఒక్కదానికీ మొహం ఉండేది కాదు.

పోయిన నెల, మంచం పట్టాక, ఒక బొమ్మ చూపిస్తే ఫోన్ అద్దం మీద బొటనవేలితో నిమిరి, "ఆ, ఇదేనే. దొరికిందా తల్లీ!" అంది. మూడేళ్ళ క్రితం కాదని తోసేసిన బొమ్మే అది. చూపు ఆనలేదో, నా మీద జాలిపడిందో. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. స్టూడియోలో ఆ రెక్కల పిల్ల వరకే ప్రింటు వేయించి తెచ్చి చేతిలో పెట్టాను.

పెద్దకర్మ రోజు వెళ్ళేసరికి ఆవిడ ఫొటో పక్కనే నా ప్రింటు, ఫ్రేము కట్టించి పెట్టారు. రెంటికీ కలిపి ఒకటే బంతిపూల దండ. వాళ్ళ చెల్లెలు వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది. "మా అక్క కూతురు అచ్చం ఇట్టాగే ఉండేది. నేనూ మొహం మర్చిపోయా. ఇది చూశాకే గుర్తొచ్చింది."

"తల్లి పోలికేనమ్మా" అంటూ దణ్ణం పెట్టుకుంటున్నారు అందరూ. నన్నూ ముందుకు తోశారు. నేనూ చేతులు జోడించాను. దండ కింద రెక్కలు కనపడ్డంలేదు. ఎవరి బిడ్డో ఏమో, నుదుట ఆరని కుంకుమతో నన్నే చూస్తోంది.