మందు కొట్టేవాడి సొంత చేను

మనిషి చీపురుపుల్లలా ఉంటుందని ఆమెను అందరూ బక్కమ్మ అనేవారు. ఆమె భర్త మందు కొట్టేవాడు. ఈ మాట వింటే కొత్తవాళ్లు నవ్వుకునేవారు గానీ, ఆయన ఏనాడూ తాగుడు జోలికి పోలేదు. వీపుకు పంపు తగిలించుకుని నలుగురి పత్తి చేలలో పురుగుమందు చల్లడం ఆయన పని. ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా అని పేరు. ఆ పేరే ఆయనకు ఆస్తి.

దాంతోపాటు ఇంకొన్ని వచ్చాయి. కూరలో ఉప్పుందో లేదో నాలుకకు తెలిసేది కాదు. చొక్కా గుండీల దగ్గర వేళ్లు మాట వినేవి కావు. పొద్దున్నే గుండీలు బక్కమ్మే పెట్టేది, అత్త కంట పడకుండా, గది తలుపు చాటున.

"ఈ పని మానెయ్యండి" అంది ఒకసారి, ఆఖరి గుండీ పెడుతూ.

"పురుగు మానేస్తే నేనూ మానేస్తా" అన్నాడాయన నవ్వుతూ.

ఆయన నవ్వులాటకు అన్నా, ఆమె ఆ మాటను ఊరికే వదల్లేదు. ఇంటి వెనక వాళ్లకూ కాస్త చేను ఉంది. ఆమె పుట్టింట్లో పత్తిని ఎప్పుడూ ఒంటరిగా వేసేవారు కాదు. ఆ ఏడు ఆయన పరాయి చేలతో సతమతమవుతుంటే, విత్తడం తన చేతిలోకి తీసుకుంది. నాలుగు సాళ్ల పత్తికి ఒక సాలు అలసంద వేసింది. చుట్టూ ఆముదం, పక్క చేను వైపు మొక్కజొన్న. రసం పీల్చే పేనుబంక ముందు లేత అలసంద మీద వాలుతుందనీ, దాన్ని తినడానికి ఎర్రటి పెంకుల అక్షింతల పురుగులు వస్తాయనీ, వచ్చినవి పత్తినీ కాపాడతాయనీ భర్తకు చెప్పింది. ఆముదం ఆకు కనిపిస్తే లద్దెపురుగు తల్లి అక్కడే గుడ్లు పెడుతుంది, ఆ ఆకులు తుంచేస్తే చాలునంది. నా కూలికే ఎసరు పెడుతున్నావన్నాడు గానీ, అడ్డు చెప్పలేదు.

అనుకున్నట్టే అలసంద నల్లగా పేనుబంక పట్టింది. పక్క చేను రైతు గట్టు మీద నిలబడి, నలుగురూ వినేలా, "ఊరి చేలకు వైద్యుడివి, రోగం నీ ఇంట్లోనే పెట్టుకున్నావేంటి బావా?" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆ వారంలోనే ఇద్దరు రైతులు పనికి వేరే మనిషిని పిలుచుకున్నారు. ఆయన ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికాడు.

బక్కమ్మ ఆయన్ని చేలోకి తీసుకెళ్లి ఒక ఆకు తిప్పి చూపింది. గరుకుగా, నల్లగా, మొసలి పిల్లల్లాంటి చిన్న పురుగులు పేనుబంకలోకి దిగి తింటున్నాయి. అక్షింతల పురుగు పిల్లలవి.

"ఇవీ పురుగులేగా" అన్నాడు.

"పురుగులే. మన వైపు పురుగులు. కొన్నాళ్లు ఓపిక పట్టండి."

సరేనని తలూపాడు.

ఆ తర్వాత ఒకరోజు ఆమె జబ్బుపడిన అక్కను చూడటానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి అత్త గడప మీద కూర్చుని ఉంది. చాన్నాళ్లకు ఆమె మొహం తేటగా కనిపించింది. కొడుకు ఇన్నాళ్లకు చేను బాగుచేసుకుంటున్నాడని చెప్పింది. బక్కమ్మ చేతిలో సంచి అక్కడే పడేసి పరుగెత్తింది.

గాలి ఆడని ఎండ. చుట్టూ గోడ కట్టినట్టు ఆముదం, కాళ్లకు చుట్టుకునే అలసంద తీగ. సొంత చేను గనుక, పోయిన పరువు గనుక, ఊరివాళ్ల చేలకు కలిపే దానికంటే చిక్కగా మందు కలిపాడు. పంపు మూత కారి వీపంతా తడిసింది. ఆమె వెళ్లేసరికి సాలు మధ్య మోకాళ్ల మీద ఉన్నాడు. నోట్లోంచి నురగ వస్తోంది. తడిసిన చొక్కా విప్పుకోవాలని చూస్తున్నాడు, గుండీలు ఊడిరావడం లేదు. ఆమె చొక్కాను పట్టి చింపేసింది.

ఆసుపత్రిలో మూడో రోజు కాస్త తెలివి వచ్చింది.

"అన్నీ పోయాయా?" అని అడిగాడు.

"ఏవి?"

"నువ్వు చూపించినవి."

"కొన్ని ఉన్నాయి లెండి" అంది. ఒక్కటీ లేదు. అలసంద కింద ఎర్రటి పెంకులు రాలి ఉన్నాయి. మర్నాడు ఆయన పోయాడు.

పేనుబంక మాత్రం తిరిగొచ్చింది. దాన్ని తినేవి రాలేదు. వెనకే తెల్లదోమ పట్టి ఆ ఏడు పత్తి ఇంటికి రాలేదు. నీ కలుపు నా కొడుకును మింగిందని అత్త ఒకే ఒక్కసారి అంది. ఆ తర్వాత కోడలితో మాట్లాడటం మానేసి, చెప్పాల్సిందల్లా గోడకు చెప్పేది. బక్కమ్మ ఎదురు చెప్పలేదు. అక్క దగ్గరికి ఆ రోజు కాక ఇంకో రోజు వెళ్లి ఉంటే అని ఆమె లోపల రోజూ అనుకుంటూనే ఉంది.

మరుసటి ఏడు మళ్లీ అలాగే విత్తింది. ధైర్యం వచ్చి కాదు, ఇంకోలా వేయడానికి చేతులు రాలేదు. అలసంద మళ్లీ నల్లబడింది. ఈసారి దాని జోలికి పోయేవాళ్లు లేరు. అక్షింతల పురుగులు ఆలస్యంగా, ఒకటీ అరా వచ్చి, తర్వాత గుంపులయ్యాయి. కాయల్లో కొన్ని పుచ్చిపోయాయి, మిగిలిన పత్తి నిలబడింది. విరగకాయలేదు గానీ, ఇద్దరు ఆడవాళ్లు తినడానికి సరిపోయింది.

పంట తీశాక పక్క చేను రైతు వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"చెల్లెమ్మా, అలసంద గింజలు కాసిని ఇస్తావా? మందు నేనే కొట్టుకుంటున్నా. ఈమధ్య చెయ్యి వణుకుతోంది."

ఆమె లోపలికెళ్లి చేటలో గింజలు తెచ్చి ఆయన సంచిలో పోసింది. "నల్లబడుతుంది అన్నయ్యా. నల్లబడితే చూస్తూ ఊరుకోవాలి. అదే కష్టం" అంది.

ఆయన వెళ్లిపోయాక అత్త గోడవైపు తిరిగి, ఆ ముక్కేదో నా కొడుక్కి చెప్పి ఉంటే బతికేవాడు అంది.

"చెప్పాను అత్తయ్యా" అంది బక్కమ్మ.

అత్త తల తిప్పి కోడలి మొహంలోకి చూసింది. ఇద్దరూ కలిసి నేల మీద చిందిన గింజలు ఏరడం మొదలుపెట్టారు, చెరో పక్క నుంచి.