కొత్త కాకముందు మామిడికాయ

అరకులో ఒక రిసార్టు వంటింట్లో రెండేళ్ళు పనిచేశాను. అక్కడ గెస్టులకు ఆయుర్వేదం ప్రకారం భోజనం పెట్టేవాళ్ళు. పొద్దున్నే మేనేజరు గారు వాళ్ళను పచ్చికలో కూర్చోబెట్టి పాఠం చెప్పేవారు: సూర్యుడికన్నా ముందు లేవాలి, ఆకలేస్తేనే తినాలి, ఏ ఋతువులో కాసింది ఆ ఋతువులోనే తినాలి. వేడినీళ్ళు అందిస్తూ నేనూ వినేదాన్ని. నవ్వొచ్చేది. నాలుగింటికి లేచి, చోడి అంబలి, అదే రాగి అంబలి, తాగి, కొండ దిగి జీపెక్కితే గాని ఆ నీళ్ళు కాచలేను మరి.

కిందటేడు ఎండలు ముదరకముందే ఆయన కింద మైదానం నుంచి ఒక బుట్టెడు లేత మామిడికాయలు తెప్పించి, పప్పు చెయ్యమన్నారు. మా ఊళ్ళో కొత్త ఇంకా కాలేదు. తొలికాయ ఊరి దేవతకు పెట్టి పండగ చేసుకునేదాకా మేం మామిడికాయ కొరకం. దాన్నే కొత్త అంటాం. కాయలో టెంక ముదిరేదాకా చెట్టును దాని మానాన వదిలెయ్యడమే అందులో సంగతని మా అమ్మ చెబుతుంది.

కొత్త కాకుండా మామిడి ముట్టనని చెప్పాను. "నువ్వు తినొద్దులే, వండు చాలు," అన్నారు మేనేజరు గారు.

"రుచి సూడకుండా ఎలా వండుతాను సార్? సింతపండేసి సేత్తాను."

"మెనూలో మామిడి అని రాసేశాం. ఇవన్నీ మూఢనమ్మకాలు."

ఒళ్ళు మండింది.

"కాలం సూసి తినమని పొద్దున్న మీరే సెప్పినారు గదా. అదే మేం సేత్తే మూఢనమ్మకం ఎలాగైపోద్ది?" అని వంటింట్లో అందరి ముందూ అడిగేశాను.

మర్నాటి నుంచి రావద్దన్నారు. మా ఇంట్లో నెలనెలా వచ్చేది నా జీతం ఒక్కటే. జీపులో కూర్చున్నాక భయం వేసింది. తప్పు చేశానని మాత్రం అనిపించలేదు.

మూడు వారాలకు ఆయనే ఫోన్ చేశారు. గొంతు తియ్యగా ఉంది.

"ఎల్లుండి మీ ఊళ్ళో కొత్త పండగట కదా. గెస్టుల్ని తీసుకొస్తాను, ఫొటోలు తీసుకుంటారు. నువ్వు దగ్గరుండి అన్నీ చూపించు. సోమవారం నుంచి మళ్ళీ పనిలోకి వచ్చెయ్."

అమ్మ పక్కనే ఉండి నా మొహమే చూస్తోంది.

"పనిలోకి రమ్మంటే వత్తాను సార్. మా పండగని మాత్రం మీ మెనూలో ఎయ్యనివ్వను," అన్నాను.

ఆయన ఫోన్ పెట్టేశారు. మళ్ళీ చెయ్యలేదు.

కొత్తనాడు దేవతకు పెట్టాక, మొదటి ముక్క ఉప్పూ కారం అద్దుకుని కొరికాను. పళ్ళు పులిశాయి. ఉద్యోగం లేదని గుర్తొచ్చింది. ఇంకో ముక్క తీసుకున్నాను.