షీల్డు వెనక మేకు

గోడకి మేకు కొట్టడం పాపం కాదు. అది ఎక్కడ దిగిందో తెలిసీ నోరు మూసుకోవడం పాపం. ఆ బరువు ఇన్నేళ్లు మోశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఫిల్మ్ నగర్‌లో మా ఇల్లు. నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. పెద్ద పెద్ద విలన్లకి గొంతిచ్చినవాణ్ణి... చూశారా, ఇక్కడా కోతలు మొదలుపెట్టాను! గుంపులో అరుపులు నావి. "పారిపోండి, పారిపోండి" అని వినబడితే అందులో ఒక గొంతు నాది. ఒకే ఒక్కసారి విలన్ పక్కన నిలబడేవాడికి చెప్పాను. వాడు ఇంటర్వెల్ లోపే చచ్చిపోతాడు.

హాల్లో మాత్రం వందరోజుల షీల్డు వేలాడేది. హీరోగారు వేదిక మీద స్వయంగా చేతికిచ్చారని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. వినేవాళ్లని బట్టి కౌగిలించుకున్నారని కూడా. నిజానికి కృష్ణానగర్‌లో షీల్డులు చేసే కొట్లో నేనే చేయించుకున్నాను. వెనక ఆ కొట్టు స్టిక్కర్, దానిమీద ఆర్డరిచ్చినవాడిగా నా పేరు.

ఊరంతా కంప్యూటర్ జపం చేస్తున్న రోజులవి. యూసుఫ్‌గూడ సందుల్లో టైలరు కొట్టు మీద కూడా కోర్సుల బోర్డులే. మా కోడలు రాధ, రహమత్ నగర్ పిల్ల, ఇంట్లోంచే ఉద్యోగం చేసేది. అమెరికా డాక్టర్లు రికార్డు చేసి పంపింది ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విని, టైపు చేసి, గడువులోగా పంపాలి. ఇంటర్నెట్ కనెక్షన్ కింది అంతస్తులో, మా అబ్బాయి గదిలో ఉండేది. అక్కణ్ణుంచి హాలు గోడకి కొట్టిన ప్లైవుడ్ వెనకగా మేడ మీద తను పనిచేసుకునే గదికి వైరు లాగించుకుంది.

"మామయ్యా, మీది నాది ఒక్కటే పని. మీరు బొమ్మకు మాటిచ్చిన్రు, నేను మాటకు అక్షరమిస్తున్న," అనేది. ఆ ఇంట్లో నా పనిని పనిగా లెక్కేసింది ఆ పిల్లొక్కతే.

తర్వాత కొన్నాళ్లకి షీల్డుని మెట్ల పక్కకి మార్చి, అక్కడి ప్లైవుడ్‌కి పొడుగాటి మేకు కొట్టాను. ఆ వెంటనే రాధ గదిలో నెట్ పోవడం మొదలైంది. వస్తుంది, పోతుంది. ఎవరైనా దడదడా మెట్లు దిగితే చాలు, మళ్లీ పోతుంది. రాధ వైరు కొసలు మార్పించింది. కంప్యూటర్లో కార్డు మార్పించింది. చివరికి మెట్లమీదుగా ఇంకో వైరు విడిగా పరిచి చూస్తే శుభ్రంగా పనిచేసింది. అంటే జబ్బు గోడలో ఉందన్నమాట. ప్లైవుడ్ మీద అరచెయ్యి ఆనించి, వైరు పోయిన దారినే వచ్చి షీల్డు దగ్గర ఆగింది.

"మామయ్యా, జర గీ షీల్డు దించుత. ఎనక వైరుకు ఏమన్న గుచ్చుకుందేమో."

మేకు దిగుతున్నప్పుడు లోపల ఏదో మెత్తగా తగిలిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"ముట్టుకోకు! హీరోగారు చేతికిచ్చింది. గోడ దిగితే అశుభం," అన్నాను, నాకెప్పుడూ దక్కని ఆ విలన్ గొంతుతో.

"ఒక్క నిమిషం మామయ్యా. ఫైళ్లు లేటైతున్నయని పని వేరేటోళ్లకు ఇస్తమంటున్నరు."

"నీ డొక్కు కంప్యూటర్‌కి నా షీల్డే దొరికిందా? ముందు ఆ మెట్లమీది వైరు తియ్యి. కాలికి తగిలి పడి చస్తాను."

రాధ వైరు చుట్టేసింది. "నాన్నకి మిగిలింది అదొక్కటే, వదిలెయ్," అన్నాడు మా అబ్బాయి. రాధ కొన్నాళ్లు ఫ్లాపీ పట్టుకుని ఇంటర్నెట్ సెంటర్‌కి పరిగెత్తింది. అందుకోలేకపోయింది. పని పోయింది.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ లేనప్పుడు షీల్డు దించి మేకు పీకాను. కొసకి రాగి రంగు అంటుకుని ఉంది. జానెడు పక్కకి కొట్టి మళ్లీ తగిలించాను. నెట్ నిలబడింది. సాయంత్రం ఊరుకున్నానా? "నేనే బాగుచేశా! స్టూడియో వైర్ల మధ్య పెరిగినవాణ్ణి," అన్నాను. "మా మామయ్య ఇంజనీరే!" అని రాధ నవ్వింది. మళ్లీ పని అడిగి చూసింది. ఖాళీ లేదన్నారు.

స్టిక్కర్ కనబడుతుందనే భయపడ్డానా? కనబడితే ఆ పిల్ల నవ్వి ఊరుకునేది. అసలు షీల్డు మెట్ల పక్కకి ఎందుకు మార్చాను? వచ్చినవాళ్లు నా కథ సగంలో వదిలేసి, రాధ పని చూడటానికి మేడెక్కుతున్నారు కాబట్టి. ఎక్కేటప్పుడైనా తలెత్తి చూస్తారని. ఇంత చిన్న సంగతి నాకు నేను చెప్పుకోవడానికే ఇన్నేళ్లు పట్టింది.

ఇప్పుడు వైఫై వచ్చి ఇంట్లో వైర్లే లేవు. షీల్డుంది. ఇవాళ దించాను. దాని వీపు బయటికి కనబడేలా తిప్పి సోఫాలో నిలబెట్టాను. స్టిక్కర్ వెలిసింది గానీ పేరు చదవొచ్చు. రాధ కూరగాయలకి వెళ్లింది. వచ్చాక అన్నీ చెప్తాను. ఏమంటుందో తెలియదు. క్షమించమని అడిగే మొహం కూడా లేదు.

గేటు చప్పుడైంది. స్టిక్కర్ కనబడకుండా షీల్డు మళ్లీ తిప్పెయ్యమని చెయ్యి లాగుతోంది.

కూర్చునే ఉన్నాను.