కొత్త ఇంజనుతో కాపురం

ఈ ఉదయం మా సొసైటీ గేటు దగ్గర ఒక ఆఫీసు క్యాబు ఆవిరి కక్కుతూ ఆగిపోయి ఉంది. పాల ప్యాకెట్లతో వస్తున్న నాకు పది అడుగుల దూరం నుంచే ఆ వాసన తగిలింది. రేడియేటర్ నీళ్ళలో కలిపే కూలెంట్ మరిగితే కొంచెం తియ్యగా, పాకం అడుగంటినట్టు వాసన వేస్తుంది. "మూత సరిగ్గా బిగించి ఉండవు భయ్యా. వేడి మీద మాత్రం తీయకు" అని డ్రైవరుకు చెప్పి, అతను తల ఊపేదాకా నిలబడి, అప్పుడు లిఫ్టు ఎక్కాను. ఇంట్లోకి రాగానే పాలు వంటింట్లో పెట్టి, బీరువాలో నా పాత డైరీల పక్కన దాచుకున్న పొడుగాటి రిజిస్టరు బయటికి తీశాను. అట్ట మీద నా చేతిరాతే ఉంది: "హైమవతి గారి కారు. కొత్త ఇంజను."

హైమవతి గారు మా కార్యాలయంలో యంత్రాల విభాగానికి అధిపతి. బందరులో పుట్టి, ఆడపిల్లలు ఆ చదువుకు వెళ్ళని రోజుల్లో మెకానికల్ ఇంజనీరింగు చదివి, ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. బోర్లు తవ్వే యంత్రాలు, పెద్ద పంపులు ఆవిడ చేతి కింద ఉండేవి. ఆ విభాగం ఫైళ్ళు పదకొండేళ్ళు నా చేతి కింద ఉండేవి. పొట్టి మనిషి. నేత చీర, మగవాళ్ళ చేతిగడియారం, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు. నేను రాసిన నోటులో తప్పుంటే పెన్ను ఆగేది. బాగుంటే ఏమీ అనకుండా పేజీ తిప్పేవారు. ఆవిడ దగ్గర మెప్పంటే అదే. కొత్తగా చేరినవాళ్ళకు అది మెప్పని తెలియడానికి ఏడాది పట్టేది.

ఆవిడకు ఒక కారుండేది. స్వదేశానికి తిరిగి వెళ్ళిపోతున్న ఒక రాయబార కార్యాలయ ఉద్యోగి దగ్గర వయసులో ఉన్నప్పుడు కొనుక్కున్నారు. ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, ముదురు ఆకుపచ్చ రంగు, మడిచేయడానికి వీలైన గుడ్డ పైకప్పు. ఉద్యోగం చేసినంత కాలం అందులోనే ఆఫీసుకు వచ్చారు. రిటైరయ్యాక ఢిల్లీ పక్కనే ఉన్న వైశాలిలో మా ఎదురు బిల్డింగుకు మారారు. అప్పటికి మెట్రో ఇంకా మా దాకా రాలేదు. ఆ మరుసటి ఏడే కారు ఇంజను బ్లాకు పగిలింది. దానికి సరిపోయే భాగాలు కశ్మీరీ గేట్ దుకాణాలన్నీ తిరిగినా దొరకలేదు. సంగతి ఎలా తెలిసిందో, గుర్‌గావ్ నుంచి ఒక ఫామ్‌హౌస్ ఆసామి వచ్చి, ఇంజను లేకపోయినా ఫరవాలేదు, తన పెళ్ళిళ్ళ హాలు ముందు పూలతో అలంకరించి నిలబెడతానన్నాడు. హైమవతి గారు ఆయనకు టీ ఇచ్చి పంపించి, నా వైపు తిరిగారు.

"నడవని కారు సోఫాతో సమానమయ్యా సత్యం. నాకు సోఫాలున్నాయి."

సాహిబాబాద్‌లో షెడ్డు పెట్టుకున్న యాసీన్ భాయ్ అనే మెకానిక్, వేలంలో వచ్చిన ఒక పోలీసు జీపు పెట్రోలు ఇంజనును, దాని గేరుబాక్సును, కాగితాలతో సహా సంపాదించాడు. ఇంజను కూర్చోవడానికి కొత్త కమ్మీలు చేయించాడు, వెనక చక్రాలకు వెళ్ళే షాఫ్టును కోసి పొట్టి చేయించాడు. గేరు లివరు పాత చోటు నుంచి జానెడు వెనక్కి వచ్చింది. పాత రంధ్రం మీద హైమవతి గారు తన స్టీలు టిఫిను డబ్బా మూత పెట్టి నాలుగు స్క్రూలు బిగించేశారు. కొత్త ఇంజను తేలిక కావడంతో కారు ముక్కు కాస్త పైకెత్తుకుని నిలబడేది. స్పీడు మీటరు మాత్రం పాత గేరుబాక్సునే తలుచుకుంటూ సూది అరవై చూపిస్తుంటే కారు డెబ్బై రెండులో పరుగెత్తేది. నేను కిలోమీటరు రాళ్ళు చూసి, గడియారం పట్టుకుని లెక్కకట్టి, సూది ఎంత చూపిస్తే నిజం ఎంతో ఒక పట్టిక రాసి అద్దం కింద అంటించాను. మీటరు మరమ్మతు అయ్యేదాకా మేము దాని ప్రకారమే నడిచాము.

ఇంజను మార్చడానికి రవాణా కార్యాలయం అనుమతి ముందే తెచ్చుకున్నారు. కారు రిజిస్ట్రేషన్ గడువు జూన్ ఆఖరుదాకా. ఆలోపు తనిఖీ అధికారి కారును చూసి, కొత్త ఇంజను నంబరు ఎక్కించి, గడువు పొడిగించాలి. పొడిగించకపోతే రోడ్డెక్కడానికి లేదు. "పొడిగించకపోతే ఆ ఫామ్‌హౌస్ ఆయనకే ఇచ్చేస్తాను. కింద పార్కింగులో పెట్టుకుని రోజూ చూస్తూ కూర్చోలేను" అన్నారు. ఆ మాట అన్నాక కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు.

ఇది ఫిబ్రవరి మధ్యలో సంగతి. వంద రోజుల షరతు మాత్రం ఆవిడ తనకు తాను పెట్టుకున్నదే. "ఇంజను పెట్టినంత మాత్రాన సరిపోదయ్యా. వంద రోజులు కాపురం చేసి చూడాలి. రోజూ పొద్దున్నే ఆరింటికి. నేను నడుపుతా, నువ్వు రాయి." పెళ్ళి చేసుకోని మనిషి నోట కాపురం మాట విని నాకు నవ్వొచ్చింది. "నవ్వకు. మనిషితో అయితే బతుకంతా చెయ్యాలని భయపడ్డాను. దీనితో వంద రోజులే కదా" అన్నారు. మా ఆవిడ మాత్రం "ఆఫీసులో ఆవిడ ఫైళ్ళు మోశారు, ఇప్పుడు కారు కూడా మోస్తారా?" అంటూనే నాకు మఫ్లరు తీసి ఇచ్చింది.

రిజిస్టరులో నాలుగు గళ్ళు గీశాను. తేదీ, కిలోమీటర్లు, నీటి వేడి, ఇంజను తీరు. వైశాలి నుంచి నోయిడా వెళ్ళి తిరిగి వస్తే ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. ఇప్పుడు తిరగేస్తుంటే ఆ ఉదయాలన్నీ అలాగే ఉన్నాయి. పంతొమ్మిదో రోజు: బ్రేకు వేస్తే ఎడమకు లాగుతోంది. ముప్పై నాలుగో రోజు: గేరు లివరు కాలుతోంది, మేడమ్ కొంగు చుట్టుకుని గేరు మార్చారు. నలభయ్యో రోజు తాళాలు నా చేతిలో పెట్టి, "రాసేవాడికి నడపడమూ తెలియాలి" అన్నారు. అంతకుముందు మారుతి కారును కూడా మూడో గేరు దాటించని మనిషిని నేను. నోయిడా రోడ్డు మీద గాలి చెవుల్లో హోరెత్తుతుంటే, ఇంజను నా పాదం మాట వింటుంటే, నాకు యాభై రెండేళ్ళన్న సంగతి మరిచిపోయాను.

అరవై ఒకటో రోజు ఆవిడకు జ్వరం. నేనొక్కడినే వెళ్ళాను. తిరిగి వస్తుంటే ఆనంద్ విహార్ దగ్గర బస్సుల మధ్య ఇరుక్కుపోయి, ఇరవై నిమిషాలు అంగుళం అంగుళం కదిలాను. మొదట ఆ తియ్యటి వాసన వచ్చింది. తరవాత నీటి వేడి చూపే సూది ఎర్ర గీత దాటింది. కారు పక్కకు తీసి, చల్లారేదాకా ఆగి చూస్తే రేడియేటర్ మూత సగమే బిగించి ఉంది. పొద్దున నీళ్ళు చూసి మూత పెట్టింది నేనే. సీసాలో నీళ్ళు పోసి, మూత గట్టిగా బిగించి, ఇంటికి వచ్చి రిజిస్టరు తెరిచాను. "28 కి.మీ. వేడి మామూలు. ఇంజను తీరు బాగుంది" అని రాశాను.

ఎందుకలా రాశానంటే రెండు కారణాలున్నాయి. తనిఖీ అధికారి చూడబోయే రిజిస్టరులో, నా పొరపాటుకు ఇంజను ఎందుకు మాట పడాలన్నది ఒకటి. పదకొండేళ్ళు ఆవిడ పెన్ను ఆగకుండా నోట్లు రాసినవాణ్ణి, ఒక మూత బిగించలేకపోయానని చెప్పడానికి సిగ్గుపడ్డాను. అది రెండోది, అసలుది.

వారం తిరక్కుండానే ఆవిడ కోలుకుని రిజిస్టరంతా చదివారు. "ఒక్కసారీ మరగలేదు! యాసీన్ భాయ్ కరెంటు ఫ్యాను పెట్టిద్దామంటున్నాడు గానీ, అక్కర్లేదని చెప్పేస్తాను" అన్నారు. నా రాత చూసి తీసుకున్న నిర్ణయం అది. మర్నాడు ఆరింటికి పార్కింగులో, ఆవిడ తలుపు తీయకముందే, జరిగింది చెప్పేశాను.

కోప్పడతారనుకున్నాను. ఆవిడ ఇంజనీరు. "ఎంతసేపు నిలబడ్డావు? సూది పోయింది మెల్లగానా, ఒక్కసారిగానా? బయట ఎండ ఉందా?" అని అడిగి, అన్నీ విని, "రాయి" అన్నారు.

"పాతది చెరిపేసి రాయనా మేడమ్?"

"చెరిపితే అది రెండో అబద్ధం. ఒక్క గీత కొట్టు. కింద ఏముందో కనబడాలి. పక్కన ఇవాళ్టి తేదీ వేసి నిజం రాయి."

రాశాను. తరవాత ఆవిడ నా చేతిలోంచి స్కేలు తీసుకుని పేజీ అంచున అయిదో గడి గీసి, పైన "మన తప్పు" అని రాశారు.

"నాది కదా మేడమ్, మనదని రాశారేమిటి?"

"మూత పెట్టింది నువ్వు. జ్వరమని నాలుగు రోజులు బానెట్టు ఎత్తి చూడనిది ఎవరు?"

ఆ ఉదయమే కారును యాసీన్ భాయ్ షెడ్డుకు తీసుకువెళ్ళాము. అతను మూత తన చేత్తో గట్టిగా బిగించి, కారును నిలబెట్టి ఇంజను నడిపించాడు. పది నిమిషాలు సూది కదల్లేదు. ఇరవయ్యో నిమిషానికి ఎర్ర గీత ఎక్కింది. అతను ఇంజను ఆపేసి, చెయ్యి తుడుచుకుంటూ నా వైపు చూసి నవ్వాడు. "బాబూజీ, ఢక్కన్ బేచారా బేకసూర్ హై." మూతది తప్పే కాదు పాపం అన్నమాట. జీపు ఇంజను ఫ్యాను ఈ కారు రేడియేటరుకు బాగా కిందుగా కూర్చుంది. గాలి సగానికే అందుతోంది. కారు పరుగెడుతుంటే తెలియదు, ఆగితే మరుగుతుంది. మూత ఎంత బిగించినా మే నెల ఎండలో ఏదో ఒక సిగ్నలు దగ్గర ఈ ఇంజనూ పగిలి ఉండేది. నా తప్పు దాచుకుంటున్నాననుకున్నాను గానీ, దాచింది ఇంజను జబ్బును.

రేడియేటరంతా కప్పేలా ముందువైపు కరెంటు ఫ్యాను పెట్టించారు. కారు షెడ్డు దాటుతుండగానే హైమవతి గారు "రేపటి నుంచి ఒకటి" అన్నారు.

"మళ్ళీ ఒకటి నుంచా? తనిఖీ నాటికి వంద పూర్తికావు మేడమ్. అయినా ఆ వంద ఎవరు అడిగారు?"

"నేను అడిగాను."

తనిఖీ జూన్ చివరి వారంలో, మా అరవై ఎనిమిదో రోజున పడింది. రవాణా కార్యాలయం ఆవరణలో ఎండ నిప్పులు చెరుగుతోంది. గంటసేపు వరస. ముందూ వెనకా ఉన్నవాళ్ళు ఇంజన్లు ఆపేసి చెట్టు కిందకు పోయారు. ఆవిడ ఆపలేదు. తలకు తడి తువ్వాలు చుట్టుకుని స్టీరింగు ముందే కూర్చున్నారు. ఇద్దరం సూదినే చూస్తున్నాము. ఫ్యాను తిరిగేది, ఆగేది, మళ్ళీ తిరిగేది. సూది మధ్య గీత దాటలేదు. ఆ వరసలో ఉన్న కార్లన్నింటిలోకీ మాదే గొప్పదని నాకు తెలుసు.

తనిఖీ అధికారి కుర్రవాడు. "ఆంటీజీ, జూన్‌లో టాప్ తీసేసి వచ్చారా! అసలు ఇంజన్ కహాఁ గయా?" అన్నాడు.

"చాలా ఏళ్ళు పని చేసి రిటైరైంది బేటా, నాలాగే. ఇది కొత్తగా ఉద్యోగంలో చేరింది" అన్నారావిడ హిందీలో.

అతను నవ్వుతూ బ్రేకులు, దీపాలు చూశాడు. ఆవరణలో రెండు చుట్లు నడిపించాడు. ఇంజను నంబరు మీద సన్నని కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దమన్నాడు. ఆ పని నేను చేశాను. బూడిదరంగులో ఒక్కొక్క అంకె తేలి వస్తుంటే పైకి చదివాను. ఆ కాగితం ఫారానికి అంటించి, సంతకం పెట్టి, "పాస్" అన్నాడు. నేను ఆగలేక రిజిస్టరు ముందుకు జరిపాను. "రఖియే అంకుల్, ఇది అక్కర్లేదు" అని తరవాతి కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఒక్క పేజీ తెరవలేదు. నా ముఖం చూసి హైమవతి గారు, "అతని కోసం రాశామా ఏమిటి? ఎక్కు" అన్నారు.

ఇక పొద్దున్నే లేవక్కర్లేదనుకున్నాను. మర్నాడు ఆరింటికి కింద హారను మోగింది. బాల్కనీలోంచి తొంగిచూస్తే ఆవిడ తల పైకెత్తి అరిచారు: "అరవై తొమ్మిది!"

నూరో రోజు, జూలై చివరిలో, ఆవిడ కారు ఆపి ఆ సీట్లోనే కూర్చుని రిజిస్టరు మొదటి నుంచీ చదివారు. గీత కొట్టిన పేజీ దగ్గరికి వచ్చేసరికి నేను ఆవిడ చేతి వైపు చూశాను. పెన్ను అందులోనే ఉంది. చివరిదాకా చదివి, పేజీ తిప్పారు.

హైమవతి గారు ఇప్పుడు లేరు. ఢిల్లీ చుట్టుపక్కల పాత బండ్లు తిరగకూడదన్న నియమాలు రాకముందే కారును మేనకోడలికి ఇచ్చేశారు. ఆ అమ్మాయి దాన్ని డెహ్రాడూన్ తీసుకువెళ్ళింది. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు హిందీలో చెబుతుంది. అప్పుడప్పుడు ఫోనులో తన రిజిస్టరు పేజీ ఫొటో పంపిస్తుంది. అయిదు గళ్ళుంటాయి. చివరి గడి పైన "మన తప్పు" అని వంకర తెలుగు అక్షరాల్లో ఉంటుంది. ఇంజను అదే, నేను పెన్సిలుతో రుద్దిన నంబరుదే. నా డైరీలో కూడా ఆ ఏడాది నుంచి ప్రతి పేజీ అంచున ఒక గీత ఉంటుంది. అంతకుముందు ముప్పై ఏళ్ళు రాసిన డైరీల్లో ఎక్కడ చూసినా నేను సరిగ్గా చేసిన పనులే ఉన్నాయి. అవి ఎప్పుడూ తిరగేయాలనిపించదు.

ఇది రాస్తూ మధ్యలో లేచి గేటు దగ్గరికి వెళ్ళి వచ్చాను. క్యాబు ఇంకా అక్కడే ఉంది. డ్రైవరు పిలిపించుకున్న మెకానిక్ కింద పడుకుని పని చేస్తున్నాడు. మూత గట్టిగానే ఉందట. కింది రబ్బరు పైపు చీలింది. పైకి వచ్చి ఇవాళ్టి డైరీ తెరిచి, అంచున ఉన్న గడిలో రాశాను: "వాసన చూసి మూత అన్నాను. బానెట్టు ఎత్తి చూడలేదు."